లీటరు కొలవడానికి పీణ్య నుంచి పీణ్యకు

కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు గంగ గురించి రాస్తారు. కాశ్మీరం వెళ్ళొచ్చినవాళ్ళు మంచు గురించి రాస్తారు. నేను బెంగుళూరు శివార్లలోని పీణ్య నుంచి బయలుదేరి పీణ్యకు వెళ్ళాను. రెండు రోజులు పట్టింది. నాకు తెలిసి ఈ యాత్ర ఇంకెవరూ చెయ్యలేదు. చేసినా బయట చెప్పుకొని ఉండరు. అందుకని, వెళ్ళనివాళ్ళ కోసం రాస్తున్నాను.

డెబ్బైల చివరి మాట ఇది. పెట్రోలు లీటరు నాలుగు రూపాయలకు దగ్గరపడి, కారున్నవాళ్ళంతా మొహాలు వేలాడేసుకొని తిరిగిన రోజులు. మాది బెంగుళూరు పేటలో మూడు తరాలుగా ఉన్న తెలుగువాళ్ళ ఇల్లు. మా బావగారికి, అంటే మా ఆయన అన్నకు, బట్టల అంగడి ఉండేది. మా ఆయన సీనప్ప పీణ్యలో ఒక మెషీన్ షాపులో ఇన్‌స్పెక్టరు. పోలీసు ఇన్‌స్పెక్టరనుకునేరు. ఇంకొకళ్ళు చేసిన మరలను కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర రంగు పూసి పక్కన పడేసే ఉద్యోగం.

అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న పాత నీలం కారు ఒకటుండేది. అది లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు కూడా ఇవ్వదని బావగారు, పన్నెండు ఇస్తుందని మా ఆయన. ఏడాది పాటు మా ఇంట్లో భోజనాల దగ్గర ఇంకో మాట లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ట్యాంకు నిండా పోయించి బెంగుళూరు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. దారిలో ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి మళ్ళీ నిండా పోయించాలి. ఎన్ని లీటర్లు పడితే కారు అంత తాగినట్టు. లీటరుకు పదికి తక్కువైతే కారు అమ్మెయ్యాలి. కొనడానికి యలహంకలో ఒక చింతపండు వ్యాపారి సిద్ధంగా ఉన్నాడు.

నన్నెవరూ అడగలేదు. నిజానికి ఆ కారు పోతే ఏడ్చేది నేనే. రెండు నెలలుగా ప్రతి ఆదివారం ‘బ్రేకులు చూసొస్తాం’ అని ఇంట్లో చెప్పి, మా ఆయన నన్ను పీణ్య ఖాళీ రోడ్ల మీదికి తీసుకెళ్ళి డ్రైవింగు నేర్పిస్తున్నాడు. నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు కూడా వచ్చింది. కందిపప్పు డబ్బాలో దాచాను. మూడో గేరు దాకా వచ్చాను. నాలుగో గేరు ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు. ముప్పై ఆరేళ్ళ వయసులో నా అంతట నేను కావాలని కోరుకున్నది అదొక్కటే.

బావగారికి ఈ సంగతి తెలియదు. చెబుదామంటే మేం మాట్లాడుకోం. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్యతో బావగారు నేరుగా మాట్లాడకూడదు. పెళ్ళయిన పదహారేళ్ళుగా మా మధ్య ప్రతి మాటా మా అత్త మీదుగానే నడిచింది. నేను గరిటె పట్టుకొని ఆయన ఆకు ముందరే నిలబడి ఉన్నా సరే, “అమ్మా, చారు పొయ్యమను” అనేవాడు.

ఇరవై ఊపులు

శనివారం పొద్దున పీణ్య బంకులో మొదలైంది. కారు బరువు తగ్గితే పెట్రోలు మిగులుతుందని మా ఆయన తన బూట్లు విప్పి బంకు గదిలో పెట్టేశాడు. “జత ముప్పావు కిలో ఉంటాది” అన్నాడు. పైగా వట్టి కాలితో అయితే యాక్సిలరేటరు మీద ఎంత నొక్కుతున్నామో బాగా తెలుస్తుందట. నా చెప్పులు కూడా వదిలెయ్యమన్నాడు. నేనొక చూపు చూశాను. మళ్ళీ అడగలేదు. వంద కిలోలకు తగ్గని బావగారి గురించి మాత్రం ఎవరూ నోరెత్తలేదు.

ట్యాంకు నిండిందని బంకాయన పైపు తీశాక అసలు పని మొదలైంది. లోపలి గాలి బుడగలు పోవాలని అన్నదమ్ములు చెరో పక్క నిలబడి కారును ఊపారు. నేను, మా అత్త లోపలే ఉన్నాం. ఇరవై ఊపులయ్యాక ఇంకో అర లీటరు పట్టింది. ప్రతిసారీ ఇరవై ఊపులే ఊపాలని మా ఆయన పుస్తకంలో రాసుకున్నాడు. ఒకటి ఎక్కువ కాకూడదు, తక్కువ కాకూడదు.

“యాడికప్పా ప్రయాణం?” అన్నాడు బంకాయన.

“ఈడికే” అన్నాడు మా ఆయన.

“ఈడికే అంటే?”

“ఈ బంకుకే. రేపు సాయంత్రం వస్తాము.”

అతను బావగారి వైపు తిరిగాడు. “సుమ్మనే, ఊరికే అట్లా చుట్టేసి వస్తామప్పా” అన్నాడు బావగారు, చాలా చిన్న గొంతుతో. బంకాయన గదిలో ఉన్న మా ఆయన బూట్ల వైపు జాలిగా చూశాడు.

కారులో వేగం చూపించే ముల్లు ఆడేది గానీ, దూరం చూపించే మీటరు ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి దారి పక్కన కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాలి. రాళ్ళు లేని చోట బస్సువాళ్ళ లెక్క తీసుకోవాలి. అన్నను తమ్ముడు నమ్మడు, తమ్ముణ్ణి అన్న నమ్మడు. అందుకని ఆ పని మా అత్తకు అప్పజెప్పారు. ఆమె ఒళ్ళో చింతగింజల సంచి పెట్టుకొని కిటికీ పక్కన కూర్చుంది. రాయి కనబడగానే ఒక గింజ తీసి ఖాళీ డబ్బాలో వేసేది. ఆ రెండు రోజులూ ఆమె కొండను చూడలేదు, చెరువును చూడలేదు, రాళ్ళనే చూసింది.

యలహంక

యలహంకలో టిఫిను చేశాం. పావలాకు రెండు ఇడ్లీలు, చట్నీ అడిగినంత. మా పేటలో చట్నీ రెండోసారి అడిగితే సర్వరు మన వంశం గురించి ఆలోచిస్తాడు. ఇక్కడ ఆయన బకెట్టు మా బల్ల మీదే పెట్టి వెళ్ళిపోయాడు.

చింతపండు వ్యాపారి అక్కడే ఉన్నాడు. కారు చుట్టూ తిరిగి, తలుపు తట్టి, డిక్కీ ఎత్తి చూశాడు. “ఈ వెనక సీటు పీకేస్తే ఎనిమిది మూటలు పడతాయి నారాయణప్పా” అన్నాడు సంతోషంగా. బావగారు తల ఊపాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నేర్చుకున్న కారులో చింతపండు మూటలు కూర్చుంటాయా? ఆ మనిషి ఇచ్చిన కాఫీ తాగలేదు. తల నొప్పిగా ఉందని అత్తతో చెప్పించాను.

దేవనహళ్ళి చక్కోతలు

యలహంక దాటాక మా ఆయన విద్యలన్నీ బయటికి తీశాడు. పల్లం రాగానే ఇంజను ఆపేస్తాడు. కారు చప్పుడు లేకుండా దొర్లుతుంది. అప్పుడు మేమందరం ఊపిరి బిగబట్టాలి, ఎందుకో నాకిప్పటికీ తెలియదు. పల్లం అయిపోగానే మళ్ళీ ఇంజను వేసి, పోయిన వేగం రాబట్టాలని బర్రున తొక్కుతాడు. ముందు బస్సు కనబడితే దాన్ని దాటాల్సిందే. దాటాక ఆవు కనబడుతుంది, ఠక్కున బ్రేకు వేస్తాడు.

“అమ్మా, వీడు ఆగేదానికే పరిగెత్తుతాడు” అన్నాడు బావగారు.

“గింజ మరిసిపోతాను, మాట్లాడొద్దండ్రా” అంది అత్త.

దేవనహళ్ళికి ముందు ఒక రాయి దగ్గర అత్త బండి ఆపమంది. రాయికి పసుపు, కుంకుమ, పైన చామంతి దండ. ఆమె దిగి దండం పెట్టి, అర్ధ రూపాయి వేసి వచ్చి కూర్చుంది. మా ఆయన అనుమానంతో వెళ్ళి దండ పక్కకు జరిపి చూశాడు. కింద ఊరి పేరు, అంకె ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు కిలోమీటరు రాయిని దేవుణ్ణి చేశారు. ఇక దాన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని వాదన. “దేవుడికి గింజ వేస్తారా ఎవురన్నా?” అని అత్త. “దేవుడైనా కిలోమీటరే కదమ్మా” అని మా ఆయన. పావుగంట తర్వాత గింజ డబ్బాలో పడింది. కానీ ఆమె దాన్ని కళ్ళకద్దుకొని మరీ వేసింది.

దేవనహళ్ళిలో చక్కోతలు, అదే, పంపరపనసలు చూసి నేను ఆగలేకపోయాను. ఒక్కొక్కటి చంటిపిల్ల తలంత ఉంది. ముప్పావలాకు ఒకటి. తొక్క తీస్తే లోపల గులాబిరంగు, కొంచెం చేదు, కొంచెం తీపి. పన్నెండు కొన్నాను. మా ఆయన మొహం మాడిపోయింది. “పన్నెండు కాయలు, పద్నాలుగు కిలోలు” అని పుస్తకంలో రాసుకొని నా వైపు చూశాడు. నేను తొనలు ఒలుస్తూ కూర్చున్నాను.

హోసకోటలో పంపకాలు

ఆ రాత్రికి హోసకోటలో మా అత్త చెల్లెలింట్లో దిగాం. నేను చిన్నత్తా అంటాను. మా ఇంట్లో ఎవరైనా వస్తే “కాఫీ తాగుతారా” అని అడిగి, వద్దంటే బాగుండునని చూస్తాం. అక్కడ అడగడాలు లేవు. కాళ్ళు కడుక్కునేసరికి కంచంలో రాగిముద్ద, పితికిన అనపగింజల పప్పు, గిన్నెడు నెయ్యి. ముద్దను నమలకుండా మింగాలి. బావగారు నమిలాడు. పిల్లలంతా ఆయన చుట్టూ చేరి చూశారు.

తిన్నాక చిన్నత్త మెల్లగా అడిగింది. “అన్నాదమ్ములిద్దరూ ఒకే బండిలో, అమ్మను కూడా కూర్చోబెట్టుకొని వచ్చినారు. ఏం విశేషమప్పా?”

“పెట్రోలు కొలిసేదానికి వచ్చినాము చిన్నమ్మా” అన్నాడు మా ఆయన.

ఆమె లేచి బయటికి వెళ్ళి, పక్కింటి పెద్దాయన్ను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయన తలపాగా సర్దుకొని కూర్చొని, గొంతు సవరించుకొని, “ఆస్తులు ఈపొద్దు ఉంటాయి, రేపు పోతాయి. అన్నాదమ్ములు మాట్లాడుకుంటే తెగనిదేముంటాది?” అన్నాడు. మేం ఇల్లు పంచుకోవడానికి మధ్యస్థులను వెతుక్కుంటూ వచ్చామని వాళ్ళు తేల్చుకున్నారు. పెట్రోలు సంగతి ఎంత చెప్పినా, సిగ్గుపడి దాస్తున్నామనుకున్నారు. చివరికి అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసి చూపించాక పెద్దాయన శాంతించి వెళ్ళాడు.

పొద్దున బయలుదేరేటప్పుడు చిన్నత్త డిక్కీలో బస్తాడు అనపకాయలు ఎక్కించింది. మా ఆయన వద్దని చేతులు జోడించాడు. “ఇంకా కోపం పోలేదా అప్పా?” అందామె కన్నీళ్ళతో. అనపకాయలు ఎక్కాయి.

అత్తిబెలె

సర్జాపురం మీదుగా వచ్చి అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర పెద్ద రోడ్డెక్కాం. గేటు దగ్గరి జవాను చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎక్కడి నుంచి?”

“పీణ్య నుంచి” అన్నాడు మా ఆయన.

“ఎక్కడికి?”

“పీణ్యకు.”

జవాను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “పీణ్య నుంచి పీణ్యకు పోయేదానికి అత్తిబెలెకు ఎందుకు వచ్చినారు?” డిక్కీ తెరవమన్నాడు. అనపకాయలు. వెనక సీటు కింద చక్కోతలు. అత్త ఒళ్ళో సంచి చూసి, “ఇదేమవ్వా?” అన్నాడు.

“చింతగింజలు. రాళ్ళు లెక్కపెడతా ఉండాను నాయనా” అంది అత్త. “నూటా ఎనిమిది అయినాయి.”

అతని మొహంలో అనుమానం పోయి భయం కనబడింది. మా ఆయన పుస్తకం తెరిచి మొత్తం వివరించాడు. జవాను ఓపికగా విని, కిటికీలోకి వంగి, దేశంలో కారున్న ప్రతి మనిషినీ అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు. “ఎంత ఇస్తాది?”

“అదే ఇప్పుడు తేలుతాది” అన్నాడు బావగారు.

ఎదురుగానే బంకు. ఇరవై ఊపులకు జవాను కూడా ఒక చెయ్యి వేశాడు. పన్నెండు లీటర్లు పట్టింది. నూటెనిమిది కిలోమీటర్లకు పన్నెండు లీటర్లు. లీటరుకు తొమ్మిది.

మా ఆయన మూడుసార్లు భాగించాడు. తొమ్మిదే. బావగారు పైపంచె సర్దుకొని, “యలహంకాయనకు కబురు పెడదాం” అన్నాడు. ఎగతాళి చెయ్యలేదు. చేసి ఉంటే నేను కోపంతోనన్నా తట్టుకునేదాన్ని. నేను ఒలుస్తున్న చక్కోత పక్కన పెట్టేశాను.

“ఒప్పందం పీణ్య దాకా కదన్నా” అన్నాడు మా ఆయన నీరసంగా. బయలుదేరే ముందు ఒక్కసారి రాయి మీది అంకె చూసొస్తానని పొదల్లోకి వెళ్ళాడు, వట్టి కాళ్ళతో. కేక వినబడింది. తుమ్మముల్లు కుడి మడమలో సగం దిగి విరిగింది. జవాను పిన్నీసుతో తీశాడు గానీ, మడమ అప్పటికే గుమ్మడికాయలా ఉబ్బింది. ఆ కాలితో పెడలు తొక్కడం కాదు కదా, నేల మీద ఆనించలేకపోయాడు.

“బండి ఈడనే ఇడిసిపెట్టి బస్సులో పోదాం” అన్నాడు స్టీరింగు ఎప్పుడూ పట్టని బావగారు.

“సరోజ తోలుతాది” అన్నాడు మా ఆయన.

బావగారు నా వైపు చూడకుండా అత్త వైపు చూశాడు. “అమ్మా, వీడేం చెప్తా ఉండాడు?”

“తోలుతాదంట” అంది అత్త, గింజలు సర్దుకుంటూ. “పప్పు డబ్బాలో లైసెన్సు నేనెప్పుడో చూసినాను.”

నేను, లారీ, నాలుగో గేరు

పక్క సీట్లో మా ఆయన కాలు పైకెత్తుకొని కూర్చున్నాడు. వెనక అత్త, బావగారు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి కదిలింది. జవాను సెల్యూటు కొట్టాడు, నాకో మా అత్తకో తెలియదు.

నాకు భయం. అందుకని నేను ఎవరినీ దాటలేదు. ముందు బస్సుంటే దాని వెనకే నెమ్మదిగా పోయాను. అర ఫర్లాంగు అవతల ఆవు కనబడితే అప్పుడే కాలు తీసేశాను, అది తీరిగ్గా రోడ్డు దాటింది. స్పీడు ముల్లు నలభై దగ్గర పెట్టి, అక్కడి నుంచి కదలనివ్వలేదు.

బావగారి భయం నాకంటే ఎక్కువ. కానీ ఆయన నాతో మాట్లాడకూడదు. “అమ్మా, ముందర ఎద్దులబండి ఉండాదని చెప్పు” అనేవాడు. “సరోజా, ముందర ఎద్దులబండి అంట” అనేది అత్త. అప్పటికి ఆ బండి వెనక్కి పోయి, ముందర సైకిలు ఉండేది. నేను ఎద్దులబండి కోసం వెతుకుతుంటే, “అమ్మా, సైకిలని చెప్పు” అని వినబడేది. ఈ కబుర్లన్నీ ఒక వస్తువు ఆలస్యంగా చేరుతున్నాయి. మధ్యలో అత్త, “నలుగురూ ఒకేసారి చెప్తే గింజ తప్పుతాది” అని కసిరేది.

రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉన్న చోట మా ఆయన గొంతు తగ్గించి “వెయ్యి” అన్నాడు. నాలుగో గేరు వేశాను. ఇంజను గోల తగ్గిపోయింది. కిటికీలోంచి చల్లగాలి వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రేపు ఈ సీటు ఉండదని గుర్తొచ్చి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడే ఎదురుగా ఒక లారీ ఇంకో లారీని దాటుతూ మా దారిలోకి వచ్చేసింది.

“అమ్మా” అని మొదలుపెట్టాడు బావగారు. అంతలో అత్త మీదుగా వచ్చే ఆ దారి చాలా పొడుగని ఆయనకే తట్టినట్టుంది. “సరోజమ్మా, ఎడమకు తిప్పమ్మా, ఎడమకు” అని అరిచాడు.

తిప్పాను. మట్టిలోకి దిగి ఆగింది. లారీ దుమ్ము లేపి వెళ్ళిపోయింది. చక్కోతలన్నీ దొర్లి ముందుకొచ్చాయి. లారీ సంగతి అందరం మరిచిపోయాం. పదహారేళ్ళ తర్వాత బావగారు నా పేరు పెట్టి పిలిచాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

“సరేలే, పోనీ” అంది అత్త. గింజల డబ్బా మూత మీద ఆమె చెయ్యి అలాగే ఉంది.

మళ్ళీ పీణ్య

బంకాయన మమ్మల్ని చూసి బూట్లు తెచ్చి ఇచ్చాడు. ఉబ్బిన కాలికి అవి పట్టలేదు. మా ఆయన ఒంటికాలి మీద నిలబడి ఉంటే, ఆయన వంతు ఊపులు బంకాయనే ఊపాడు. మీటరు మూడు లీటర్ల దగ్గర ఆగింది. ఇంకా పోయమని బావగారు, ఇక పట్టదని బంకాయన. అంచు దాకా వచ్చి కింద కారింది.

అత్తిబెలె నుంచి గింజలు, బస్సువాళ్ళ లెక్క కలిపితే నలభై రెండు. నలభై రెండు కిలోమీటర్లకు మూడు లీటర్లు. బావగారు బట్టల బిల్లు వెనక మూడుసార్లు లెక్క వేశాడు. పద్నాలుగు. తర్వాత మొత్తం కలిపి వేశాడు. నూట యాభై కిలోమీటర్లు, పదిహేను లీటర్లు. సరిగ్గా పది.

“పదికి తక్కువైతేనే అమ్మాల అనుకున్నాము” అన్నాడు నిదానంగా. “తక్కువ కాలేదు.”

మా ఆయన గెలిచాడు. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ ఆయన ఇన్‌స్పెక్టరు. కొలత తప్పుగా ఉంటే నిద్రపట్టని మనిషి. పుస్తకం తెరిచి అన్నకు చూపించాడు. “రెండూ కలపకూడదన్నా. నేను తోలినప్పుడు తొమ్మిది, సరోజ తోలినప్పుడు పద్నాలుగు. అదే బండి, అవే అనపకాయలు, అదే నువ్వు. తప్పు బండిలో లేదు. ఎర్ర రంగు ఉంటే నాకే పూసుకోవాల.”

పదహారేళ్ళలో ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు. బావగారు తమ్ముణ్ణి, కారును మార్చి మార్చి చూశాడు. “అయితే అమ్మాల్సింది నిన్నే కదప్పా” అన్నాడు.

ఇంటికి పోవడానికి మా ఆయన అలవాటు కొద్దీ కుంటుకుంటూ డ్రైవరు తలుపు పట్టుకున్నాడు. అత్త ఆయన్ను చెయ్యి పట్టి వెనక్కి లాగి అనపకాయల పక్కన కూర్చోబెట్టింది.

యలహంక, ఇంకోసారి

తర్వాతి ఆదివారం బేరం లేదని చెప్పడానికి బావగారే యలహంక వెళ్ళాడు. బస్సులో పోవచ్చు. కానీ పొద్దున్నే వాకిట్లో నిలబడి, ఎవరితోనో అన్నట్టు కాకుండా నాతోనే, “బండి తీస్తావామ్మా?” అన్నాడు. నేను తీశాను. ముందు సీట్లో నా పక్కనే కూర్చున్నాడు. దారిలో మూడు లారీలు ఎదురొచ్చాయి. ఒక్కదాని గురించీ నోరెత్తలేదు.

చింతపండు వ్యాపారి ఒప్పుకోలేదు. ఇంకో ఐదు వందలు ఎక్కువిస్తానన్నాడు. బావగారు తల అడ్డంగా ఊపాడు. అంత మొండిపట్టు ఎందుకో అతనికి అర్థం కాలేదు. కారును పైనుంచి కిందికి చూసి, “అట్లాంటిదేముంది నారాయణప్పా దీంట్లో? ఎంత ఇస్తాది?” అన్నాడు.

బావగారు స్టీరింగు ముందు కూర్చున్న నా వైపు తిరిగి చూశాడు.

“ఎవురు తోలితే?” అన్నాడు.